పాత ఏసీకి మళ్ళీ రిపేరా, కొత్తదా? పాలకొల్లు షాపు పుస్తకం చూసి చెబుతున్నా

పాలకొల్లులో మాది ఏసీ, ఫ్రిజ్ రిపేర్ షాపు. పానా పట్టేది మా ఆయన. ఫోన్లు ఎత్తేది, పుస్తకం రాసేది నేను. ఎవరింట్లో ఏ ఏసీ ఉంది, గ్యాస్ ఎప్పుడు పట్టాం, ఎంత బరువు పట్టింది, ఎన్ని ఆంపియర్లు లాగింది, అన్నీ అందులో ఉంటాయి. రోహిణి కార్తె వచ్చిందంటే ఫోన్ కింద పెట్టనివ్వరు. అడిగేది మాత్రం ఒకటే: "ఏవండీ, పదేళ్ళయిపోయింది కదా, ఇంక మార్చేయమంటారా?"

వయసు చూసి చెప్పేది కాదండి ఇది. ఆచంట వైపు కొబ్బరి చెట్ల నీడలో గోడకున్న ఏసీ పన్నెండేళ్ళు దాటినా శుభ్రంగా నడుస్తోంది. పేరుపాలెం వైపు సముద్రానికి ఎదురుగా పెట్టినవి అందులో సగం కాలానికే చేతులెత్తేస్తాయి. అందుకే నేను వయసు చివర్లో అడుగుతాను. ముందు అడిగేవి: గ్యాస్ పోతోందా, పోతే ఎక్కడి నుంచి? ఔట్‌డోర్ (గది బయట పెట్టే పెట్టె) ఎలా ఉంది? ఏడాదిలో ఎన్నాళ్ళు, రోజుకి ఎన్ని గంటలు వేస్తారు?

అయితే అంతకన్నా ముందు, అసలు ఏసీ పాడైందో లేదో చూసుకోవాలి. "కూలింగ్ లేదు" అనే ఫోన్లలో చాలావాటికి కారణం మురికే. మన పశ్చిమ గోదావరి జిల్లాలో రైస్ మిల్లుల ఊక బూడిద సంగతి తెలిసిందే కదా, పొద్దున లేచేసరికి డాబా అంతా నల్లగా ఉంటుంది. ఆ బూడిదే ఔట్‌డోర్‌లో వేడిని బయటికి వదిలే గొట్టాల చుట్టలోకీ, అంటే కాయిల్లోకీ పోతుంది. గాలి ఆడక వేడి బయటికి పోదు, కంప్రెసర్ ఎక్కువ కరెంటు లాగి మధ్యలో ఆగిపోతుంది. సర్వీసింగ్ చేయిస్తే చాలు. కాకపోతే ఒక్క జాగ్రత్త: నరసాపురం, మొగల్తూరు, భీమవరం చుట్టుపక్కల బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్ళతో కాయిల్ కడిగితే మంచికి పోయి చెడు తెచ్చుకున్నట్టే. కుళాయి నీళ్ళు ఒక డ్రమ్ములో పట్టి ఉంచండి.

ఇన్వర్టర్ రకం (అవసరాన్ని బట్టి కంప్రెసర్ వేగం మార్చుకునేది) కాని పాత ఏసీల్లో ఇంకోటి జరుగుతుంది. ఔట్‌డోర్ గుయ్‌మంటుంది కానీ కంప్రెసర్ స్టార్ట్ అవదు. "కంప్రెసర్ పోయిందండి, కొత్తది కొనుక్కోండి" అని ఎవరైనా అంటే, ముందు కెపాసిటర్ (కంప్రెసర్ స్టార్ట్ అవడానికి సాయపడే చిన్న డబ్బా) చూశారా అని అడగండి. అది పాడైతే తల కాస్త ఉబ్బినట్టు కనిపిస్తుంది. కొన్ని వందల రూపాయల వస్తువు. అలాగే రాత్రి పది దాటాక మాత్రమే ట్రిప్ అవుతోందంటే వోల్టేజీ చూడండి. ఊళ్ళో ఏసీలు, చుట్టూ చెరువుల మీద నీళ్ళకి గాలి అందించే ఏరేటర్లు ఒక్కసారి ఆడే వేళకి కరెంటు నీరసిస్తుంది. కొత్త ఏసీ తెచ్చినా ఆ వోల్టేజీ మారదు.

కూలింగ్ సంగతి మీరే కొలవొచ్చు. చిన్న డిజిటల్ థర్మామీటర్ కొనండి. ఏసీని 18 మీద పెట్టి, పావుగంట నడిచాక, పైన గాలి లోపలికి పోయే ఫిల్టర్ దగ్గర ఒకసారి, చల్లగాలి వచ్చే మూతి దగ్గర ఒకసారి చూడండి. తేడా 8 నుంచి 12 డిగ్రీలుంటే యంత్రం బాగానే ఉన్నట్టు. మన డెల్టాలో ఇంకోటి కూడా చూడాలి. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఏసీ తన బలంలో కొంత గాలిలో నీటిని పిండడానికే ఖర్చుపెడుతుంది. ఉక్కపోత రోజు తేడా 8 కన్నా కాస్త తగ్గినా, డ్రైన్ పైపు కింద బకెట్ జోరుగా నిండుతుంటే ఏసీని అనుమానించక్కర్లేదు. తేడా తక్కువుండి, బకెట్లోకీ నీళ్ళు రాకపోతే అప్పుడు గ్యాస్ సంగతి చూడాలి.

ఇక్కడే జనం ఎక్కువ డబ్బు పోగొట్టుకుంటున్నారు. మొగల్తూరు నుంచి ఒకాయన ఫోన్ చేసి, "ఏటా ఎండాకాలం ముందు గ్యాస్ కొట్టించుకుంటానండి, ఏసీ అన్నాక తప్పదు కదా" అన్నారు. ఎందుకు తప్పదండి? గ్యాస్ బండిలో పెట్రోల్ కాదు, వాడితే అయిపోవడానికి. సీలు వేసిన రాగి గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో చిల్లు ఉంది. ఆ చిల్లు చూడకుండా గ్యాస్ పడితే మీరు గాల్లోకి రెండు మూడు వేలు వదిలినట్టే.

చిల్లు ఎక్కడుందన్నదాన్ని బట్టే రిపేరా, కొత్తదా అన్నది సగం తేలిపోతుంది. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ నూనె కూడా కొద్దిగా బయటికి వస్తుంది, కాబట్టి లీకు దగ్గర జిడ్డుగా, దుమ్ము అంటుకుని ఉంటుంది. ఔట్‌డోర్ పక్కన పైపులు కలిసేచోట ఇత్తడి నట్లు ఉంటాయి, ముందు వాటి మీద సబ్బు నురగ రాయమనండి. బుడగ లేస్తే అదృష్టవంతులు. పైపు చివర మళ్ళీ ఫ్లేర్ కొట్టి, అంటే గరాటులా వెడల్పు చేసి బిగిస్తే అయిపోతుంది. ఏసీకి పన్నెండేళ్ళున్నా ఈ పని చేయించుకోండి. ఇండోర్ కాయిల్లో చిల్లయితే ఆలోచించాలి. ఒక చిల్లు వెల్డింగ్ చేస్తే కొన్నాళ్ళకి పక్కన ఇంకోటి పడుతుంది, ఎందుకంటే రాగి గొట్టం అప్పటికే చాలాచోట్ల పలచబడి ఉంటుంది. కొత్త కాయిల్ వేయాలంటే ఆ మోడల్ విడిభాగం దొరకాలి, దొరికినా గ్యాస్, కూలీ కలిపి పది వేలు దాటుతుంది. ఏడేళ్ళు దాటిన ఏసీ మీద కొత్తదాని ధరలో మూడో వంతు మించి పెట్టొద్దని నా లెక్క. సగం దాకా పర్లేదనేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళు సముద్రానికి దూరంగా ఉండేవాళ్ళై ఉంటారు.

ఏ రిపేర్ చేసినా, గ్యాస్ పట్టేముందు వాక్యూమ్ పంపు పెట్టి గొట్టాల్లో గాలి, తేమ లాగేశారా, గ్యాస్ కాటా మీద తూచి పట్టారా అని నిలబడి చూడండి. ఎంత పట్టాలో ఔట్‌డోర్ స్టిక్కర్ మీదే ఉంటుంది. ఏ గ్యాసో కూడా అక్కడే రాసి ఉంటుంది. ఆర్-22 అని ఉంటే అది పాతతరం ఏసీ. ఓజోన్ పొరకి హాని చేసే ఆ గ్యాస్‌ని మాంట్రియల్ ఒప్పందం ప్రకారం మన దేశం 2030 నాటికి దాదాపుగా ఆపేయాలి. అంటే ముందు ముందు అది ప్రియమే అవుతుంది. చవకని చెప్పి ఆర్-22 ఏసీలో కొత్త ఏసీల గ్యాస్ ఆర్-32 పట్టేవాళ్ళున్నారు, ఒప్పుకోకండి. దాని ఒత్తిడి ఎక్కువ, నూనె వేరు, పైగా కొద్దిగా మంట అంటుకునే గుణం ఉంది. ఆర్-22 ఏసీకి కాయిల్లో లీకైతే నేనైతే ఇంక రిపేర్ మాటే ఎత్తను.

ఔట్‌డోర్‌ని ఒకసారి దగ్గరగా చూడండి. మెయిన్ ఆపేసి, వెనకవైపు కాయిల్ మీద ఉండే పలచని అల్యూమినియం ఫిన్స్‌ని గోటితో మెల్లిగా గీకండి. వంగితే పర్లేదు, దువ్వి సరిచేయొచ్చు. తెల్లటి పొడి రాలిందా, ఉప్పు తినేసినట్టు. అంతర్వేదిలో ఒక ఇంటికి మా ఆయన సిలిండరు పట్టుకుని నరసాపురంలో పంటు ఎక్కి గోదావరి దాటి వెళ్ళారు. తీరా చూస్తే ఫిన్స్ కింది సగం లేనే లేవు, రాగి గొట్టాలు మాత్రం ఎముకల్లా బయటికి ఉన్నాయి. గ్యాస్ నిండుగానే ఉంది. ఫిన్స్ లేకపోతే వేడి పోయే దారి లేదు, ఎంత గ్యాస్ ఉన్నా లాభం లేదు. ఆ ఏసీకి అయిదేళ్ళే.

ఇన్వర్టర్ ఏసీల్లో ఎలక్ట్రానిక్ బోర్డు ఇంకో తలనొప్పి. బల్లి దూరి కాలిపోవడం మామూలే. కొత్త బోర్డు అడగకముందు రెండు పనులు చేయండి: వారంటీ కాగితం తీసి చూడండి, తర్వాత భీమవరంలోనో రాజమండ్రిలోనో బోర్డులు బాగుచేసేవాళ్ళకి చూపించండి. చాలా కంపెనీలు కంప్రెసర్‌కి పదేళ్ళు ఇస్తున్నాయి కానీ గ్యాసూ కూలీ అందులో ఉండవు, అది ముందే అడిగి తెలుసుకోవాలి.

ఇక కరెంటు. "కొత్తది కొంటే బిల్లులోనే డబ్బు తిరిగొచ్చేస్తుంది" అని షోరూముల్లో అంటారు. లెక్క వేసి చూద్దాం. రాత్రి పదింటికి మీటర్ రీడింగ్ రాసుకోండి, ఏసీ, ఫ్యాన్ తప్ప మిగతావి వీలైనంత ఆపండి, పొద్దున ఆరింటికి మళ్ళీ చూడండి. పాత 1.5 టన్ను ఏసీ ఎండాకాలంలో ఎనిమిది గంటలకి ఎనిమిది, తొమ్మిది యూనిట్లు లాగడం మామూలే. కొత్త 5 స్టార్ ఇన్వర్టర్ అయితే అయిదు చుట్టూ ఉంటుంది. రాత్రికి మూడున్నర, నాలుగు యూనిట్లు మిగులు. మన దగ్గర శ్లాబులు కాబట్టి ఏసీ యూనిట్లు పైన పడతాయి: నెలకి 225 యూనిట్లు దాటాక యూనిట్‌కి 8.75, 400 దాటాక 9.75 రూపాయలు, సర్దుబాటు ఛార్జీలు వేరే. అయినా రాత్రికి మిగిలేది 35 రూపాయలు. ఏడాదికి నాలుగు నెలలు వేసే ఇంట్లో నాలుగు వేలు. 45 వేల ఏసీకి ఆ లెక్కన పదకొండేళ్ళు పడుతుంది, ఈ ఉప్పు గాలికి అన్నాళ్ళు ఉంటుందో లేదో. పండక్కి అల్లుడొస్తే వేసే గదిలో ఏసీ, లీకు లేనంత కాలం కదిలించకండి. అదే పెద్దవాళ్ళు పగలూ రాత్రీ ఉండే గదిలో, ఏడెనిమిది నెలలు నడిచేదైతే మిగులు ఏడాదికి పది వేలు దాటుతుంది. అక్కడ పాతది ఆడుతున్నా మార్చడమే లాభం.

కొనేటప్పుడు కాయిల్ రాగిదేనా అని, ఫిన్స్‌కి తుప్పు పట్టని పూత ఉందా అని అడగండి. స్టార్ల కన్నా స్టిక్కర్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లని రాసుందో చూడండి. అది 1600 గంటలకి వేసిన లెక్క. 2022 జూలైలో, మళ్ళీ 2026 జనవరిలో స్టార్ల ప్రమాణం పెంచారు, అంతకుముందు సరుకు గోడౌన్లో మిగిలి 5 స్టార్ పేరుతో ఇస్తే మోసపోవద్దు, స్టిక్కర్ మీద సంవత్సరం ఉంటుంది. టన్ను పెంచితే మంచిదనుకోకండి. గదికి మించిన ఏసీ తొందరగా చల్లబరిచి ఆగిపోతుంది, తేమ మాత్రం గదిలోనే ఉండిపోతుంది. పైన ఎండ పడే డాబా గది అయితే తప్ప 120, 130 చదరపు అడుగులకి టన్ను చాలు. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది, బిల్లులో అది సరిగ్గా పడిందో లేదో చూసుకోండి.

సంక్రాంతి దాటాక, శివరాత్రి లోపు కొంటే మంచిది. షోరూము వాడు బేరానికి వస్తాడు, మెకానిక్ తీరిగ్గా బిగిస్తాడు. మేలో మా ఆయన్ని పిలిస్తే రాత్రి తొమ్మిదింటికి వస్తారు, అప్పటికి ఆయనకి ఓపిక ఉండదు. పాతదాన్ని ఎక్స్ఛేంజికి ఇచ్చేముందు గ్యాస్‌ని ఔట్‌డోర్‌లోకి లాగి వాల్వులు మూయించండి, గాల్లోకి వదలనివ్వకండి. కొత్త ఔట్‌డోర్‌ని వీలైతే సముద్రం గాలి నేరుగా తగలని గోడకి పెట్టించండి. పాత ఇనుప స్టాండు మీద మాత్రం ఎక్కించొద్దు, తుప్పు పట్టి ఉంటుంది, బోల్టులతో సహా కొత్తది తెప్పించండి.