మెట్టు కొలిచాకే మోడల్

గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్లలో కొలతలు యూనిట్లలో ఇస్తాం. యూనిటీలో, గోడోలో 1 యూనిట్ అంటే 1 మీటరు. అన్‌రియల్‌లో 1 సెంటీమీటరు. ముందు ఇది గుర్తుపెట్టుకోండి.

అలిపిరి నడకదారిని గేమ్‌లో కట్టాలని, పసుపు కుంకుమలు పూసిన ఒక మెట్టును టేపుతో కొలిచాను: ఎత్తు 15 సెంటీమీటర్లు. యూనిటీలో 0.15 అనాల్సింది 15 కొట్టాను. మెట్టు అయిదంతస్తుల మేడంత లేచింది!

అందుకే ముందు 1.7 మీటర్ల పెట్టెను మనిషికి బదులు నిలబెట్టి, ప్రతి వస్తువునూ దాని పక్కన పెట్టి చూడండి. 3డి మోడల్స్ చేసే బ్లెండర్‌లో సైజు మార్చారా, కంట్రోల్ ఏ నొక్కి స్కేల్ అప్లై చేశాకే (అంటే మార్చిన సైజును ఖాయం చేశాకే) ఎక్స్‌పోర్ట్ చేయండి. ఇది మాత్రం వదలొద్దు.

యూనిటీ గురుత్వాకర్షణ 9.81 మీటర్ల లెక్కన పనిచేస్తుంది. అన్నీ పది రెట్లు పెద్దవైతే, చేయిజారిన కొబ్బరికాయ తేలుతూ దిగుతున్నట్టు కనిపిస్తుంది.