కొత్త కప్పను తెచ్చే ముందు పాత తొట్టె శుభ్రం

పెంచుకున్న కప్ప చనిపోయాక ఖాళీ అయిన గాజు తొట్టెను పైపైన కడిగేసి, కొత్తదాన్ని అందులో వదలకండి. నేను ఒకసారి ఆ తప్పే చేశాను. ముచ్చటపడి తెచ్చుకున్న చెట్టుకప్ప మూడు వారాలకే తిండి మానేసి పోయింది. ఏ జబ్బో పరీక్ష కూడా చేయించలేదు. ఆ బాధ ఇంకా ఉంది.

కప్ప నీళ్లు తాగేది నోటితో కాదు, చర్మంతో. ఊపిరి కూడా కొంత దానితోనే. అందుకే తొట్టెలో మిగిలిన రోగమైనా, కడగ్గా మిగిలిన మందైనా నేరుగా ఒంట్లోకి పోతుంది. ముఖ్యంగా భయపడాల్సింది కప్పల చర్మానికి పట్టే కైట్రిడ్ బూజుకీ, వాటి ప్రాణం తీసే రానావైరస్‌కీ. ఆ బూజు దెబ్బకి ప్రపంచంలో 500 దాకా ఉభయచర జాతులు తగ్గిపోయాయి. పైకి నిక్షేపంలా ఉన్న కప్ప ఒంటి మీద కూడా అది ఉండొచ్చు.

ముందు కొబ్బరి పొట్టు, నాచు, బెరడు, కొమ్మలు తీసేయండి. చెక్క సందుల్లోకి బ్లీచ్ సరిగా దిగదు, దిగింది ఒక పట్టాన వదలదు. డబ్బు పోసి కొన్న కొమ్మను పారేయడానికి మనసొప్పదు, అయినా తప్పదు. పెరట్లోనో కాలవలోనో వేస్తే బయటి కప్పలకు రోగం అంటుకుంటుంది. రెండు సంచుల్లో మూటకట్టి చెత్తలో వేయండి.

తర్వాత సబ్బు, వేడినీళ్లు. మురికి ఉండగానే బ్లీచ్ పోస్తే దాని బలమంతా ఆ మురికికే సరిపోతుంది. మూలల్లో సిలికాన్ అతుకు వెంబడి గోధుమరంగు జిగురు పొర ఉంటుంది, వేలికి జారుతుంది. పాత టూత్‌బ్రష్‌తో అది పూర్తిగా పోయేదాకా తోమండి. తలుపు గాడిని మర్చిపోవద్దు.

సబ్బు పోయేలా కడిగాక, వాసన కలపని మామూలు బ్లీచ్ ఒక వంతుకు తొమ్మిది వంతుల నీళ్లు, అప్పటికప్పుడు కలిపి పూయండి. 10 నిమిషాలు తడి ఆరనివ్వద్దు. కిటికీలు తెరవండి, గ్లవ్స్ వేసుకోండి. వెనిగర్ గానీ, అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ గానీ అందులో కలిస్తే విషవాయువు పుడుతుంది.

మళ్లీ మళ్లీ కడిగి, ఆఖరిసారి అక్వేరియం షాపులో దొరికే క్లోరిన్ విరుగుడు కలిపిన నీళ్లతో కడగండి. ఒకరోజంతా ఆరబెట్టండి, కైట్రిడ్ ఎండితే బతకదు. ఆరాక తలుపు మూసి, గంట తర్వాత తెరిచి వాసన చూడండి. క్లోరిన్ వాసన ఏమాత్రం తగిలినా మళ్లీ కడగాల్సిందే.

ఇంట్లో వేరే కప్పలుంటే కొత్తదాన్ని కనీసం 30 రోజులు వేరే గదిలో, తడి పేపర్ టవల్ మీద ఉంచండి. నేనైతే 60 రోజులు ఆగుతాను. ఆలోగా కప్పల సంగతి తెలిసిన పశువైద్యుడి దగ్గర స్వాబ్ పరీక్ష (చర్మాన్ని దూదిపుల్లతో రుద్ది రోగం ఉందేమో చూసేది) చేయించండి. రోజూ పాతవాటి పని ముగించాకే కొత్తదాని దగ్గరికి వెళ్లండి, దాని పట్టకారు దానికే ఉంచండి.