పొలానికి ఫెన్సింగ్ వేయిస్తున్నారా, ముందు ఆ కాంట్రాక్టర్ వేసిన పాత కంచె చూసి రండి

మొన్న మా బామ్మర్ది ఫోన్ చేసి "ఎకరానికి ఇంత అంటున్నాడు బావా, అడ్వాన్స్ ఇచ్చెయ్యనా" అన్నాడు. ఎకరం లెక్కన రేటు చెప్పాడంటేనే నాకు డౌటు. కంచెకి ఎకరాలతో పనేంది, చుట్టుకొలత కదా లెక్క! నలుచదరంగా ఉన్న ఎకరానికి చుట్టూ 835 అడుగులు వస్తే, అదే ఎకరం వంద అడుగుల వెడల్పుతో పొడుగ్గా ఉంటే 1070 దాటుతది. అందుకే రన్నింగ్ ఫీట్ లెక్కనే మాట్లాడండి. దానికంటే ముందు సర్వేయర్‌తో కొలిపించి, పక్క పొలమోళ్లు ఎదురుగా ఉండగానే హద్దురాళ్లు పాతించుకోండి. కంచె వేశాక తగాదా వస్తే కాంట్రాక్టర్‌కి సంబంధం ఉండదు.

మాది తాండూరు వైపు, నల్లరేగడి. ఆరేళ్ల కింద నేను కూడా తక్కువ రేటుకే పడిపోయా. ఒక్క వానాకాలం దాటేసరికి మూల కడీ, అంటే తీగ కట్టే రాతి స్తంభం, లోపలికి వాలింది, పట్టుకుని కదిపితే ఊడబోయే పన్నులా ఊగింది, పీకి చూస్తే మట్టి మరక ఒక్క అడుగు ఎత్తు దగ్గరే ఆగిపోయింది. ఏడడుగుల రాయిని రెండడుగులు పాతాల్సింది, అడుగే పాతి పైన పళ్లెమంత కాంక్రీట్ పూసి పోయాడన్నమాట. నల్లరేగడి వానకి ఉబ్బుతది, ఎండకి నెర్రెలిస్తది, పైపైన పాతింది నిలబడదు.

కాబట్టి నిన్న మొన్న వేసింది కాదు, కనీసం రెండు వానాకాలాలు చూసిన కంచె చూపించమనండి, కుదిరితే మీలాంటి నేలలోనే. అక్కడికెళ్లి మధ్యలో చూసి రావొద్దు, మూలలు చూడండి, ఎందుకంటే తీగ లాగుడంతా మూల కడీ మీదే పడతది, దానికి రెండు పక్కలా ఏటవాలుగా సపోర్ట్ రాళ్లు ఉండాలి. గేటు స్తంభం కూడా ఓసారి ఊపి చూడండి. కాంట్రాక్టర్ పక్కన లేనప్పుడు ఆ రైతుతో ఓ టీ తాగితే మిగతాదంతా ఆయనే చెప్తాడు, తీగ వదులైతే మళ్లీ వచ్చి బిగించాడా లేక ఫోన్ ఎత్తలేదా అని.

ఇక వైరు. అసలు మోసం ఇక్కడే. గేజ్ నంబర్ పెరిగేకొద్దీ తీగ సన్నబడతది. 12 గేజ్ అంటే దాదాపు 2.6 మిల్లీమీటర్లు, 14 అంటే 2. కంటికి ఆ తేడా ఆనదు గానీ అంతే పొడవుకి 12 గేజ్ ఒకటిన్నర రెట్లకు పైనే బరువు తూగుతది, ముళ్లతీగ అమ్మేదేమో కిలోల్లో. అడుగు లెక్కన మొత్తం గుత్తకిస్తే వాడు సన్న తీగ తెస్తాడు, ఇంక వేరే చెప్పాలా! నా మాటైతే మెటీరియల్ మీరే బిల్లుతో కొనండి, లేబర్ మాత్రం అడుగు లెక్కన మాట్లాడుకోండి. అంత తీరిక లేకపోతే గేజ్, ఎన్ని వరసలు, కడీకి కడీకి ఎంత దూరం, గుంత లోతెంత, ఇవన్నీ తెల్లకాగితం మీదైనా రాయించి సంతకం పెట్టించండి. మా దగ్గర ఎనిమిది పది అడుగులకో కడీ వేస్తారు, ఎవరన్నా పదిహేను అంటే ఎవరి ఖర్చు తగ్గుతుందో ఆలోచించుకోండి. రాతి కడీలు దిగినప్పుడు సుత్తితో కొట్టి చూడండి, కంగుమంటే మంచిది, మొద్దుగా మోగితే లోపల పగులు ఉండొచ్చు.

హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉండి పని చేయించేవాళ్లు ఉత్త ఫోటోలకి మురిసిపోవద్దు. గుంతలో టేపు పెట్టి, కాంక్రీట్ పోయకముందు తీసిన ఫోటో అడగండి.

అడవి పందులున్నాయని కంచెకి కరెంట్ లైన్ నుంచే నేరుగా కరెంట్ ఇచ్చేద్దాం అనేవాణ్ని గడప కూడా ఎక్కనీయొద్దు, దాని వల్ల మనుషులు పోతున్నారు, కేసులవుతున్నాయి. సోలార్ ఫెన్సింగ్ వేరే, అందులో ఎనర్జైజర్ అనే ఝట్కా మిషన్ నుంచి సెకనుకోసారి చిన్న ఝట్కా మాత్రమే వస్తది. దానికి ఎర్తింగ్ ఎక్కడ వేస్తావని అడగండి, నీళ్లు నమిలితే వాడికి ఆ పని రానట్టే.

డబ్బులు మాత్రం సరుకు పొలంలో దిగాక కొంత, కడీలు నిలబెట్టాక కొంత, తీగ బిగించాక కొంత ఇవ్వండి. ఓ పది శాతం మొదటి పెద్ద వాన పడేదాకా ఆపుతానని ముందే చెప్పండి. మా బామ్మర్ది ఆ మాట అనేసరికి ఎకరం రేటు చెప్పినాయన మళ్లీ ఫోన్ చేయలేదంట.