నేరస్త జాతుల చట్టం ఫైళ్లు చదవడం ఎలా

మద్రాసు ప్రెసిడెన్సీలో ఎరుకల కుటుంబాల మీద పోలీసు నిఘా ఎలా సాగిందో తెలియాలంటే ముందు నోటిఫికేషన్ పట్టుకోవాలి. 1871 నాటి నేరస్త జాతుల చట్టం, అంటే కొన్ని కులాలను పుట్టుకతోనే నేరస్తులుగా చూసిన బ్రిటిష్ చట్టం, మొదట ఉత్తరాది ప్రాంతాలకే వర్తించేది. మద్రాసుకు 1911 చట్టంతో వచ్చింది. సెక్షన్ 3 కింద ఒక కులాన్ని నేరస్త జాతిగా ప్రకటిస్తే మద్రాసు ప్రభుత్వ ఫోర్ట్ సెయింట్ జార్జ్ గెజిట్‌లో ఆ నోటిఫికేషన్ అచ్చేసేవారు. తేదీ, జీవో నంబరు, జిల్లా, తాలూకా రాసుకోండి. ఇవి లేకుండా చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కి వెళ్తే ఇండెక్సులు తిరగేయడంతోనే పొద్దు గూకుతుంది. ‘ఎరుకల’ అని మాత్రమే వెతికితే సగం జారిపోతాయి, అదే కులానికి వాడిన కొరవ, కొరచ పేర్లూ చూడాలి.

అసలు కిటుకు సెక్షన్ 10లో ఉంది. అలా ప్రకటించిన కులంలో రిజిస్టరుకెక్కిన మనిషి పెట్టిన వేళకు వచ్చి హాజరు వేయించుకోవాలి. లేదా ఇల్లు మారినా, ఊరు దాటినా ముందే చెప్పాలి. ఒక్కోసారి రెండూ. తప్పితే అదే నేరం. అందుకే ‘శిక్షలు పెరిగాయి’ అన్న నివేదిక చూసి దొంగతనాలు పెరిగాయనుకుంటే బోల్తా పడతాం. దొంగతనం కేసులను ఒక వరసలో, హాజరు తప్పినవాటిని ఇంకో వరసలో వేయండి. విడదీయడం కుదరని అంకెను వాడకండి. కూలికి పోయి రాత్రికి తిరిగి రాలేనివాడూ ఆ లెక్కలో నేరస్తుడే.

జాతి వివక్ష కళ్లకు కట్టాలంటే పక్కనే 1874 నాటి యూరోపియన్ వేగ్రన్సీ చట్టం పెట్టుకోండి. దిమ్మరి తెల్లవాణ్ణి మేజిస్ట్రేటు విడిగా విచారించి వర్క్‌హౌస్‌కు పంపేవాడు, అతని కులగోత్రాలతో పనిలేదు. నేరస్త జాతుల చట్టంలో మాత్రం పుట్టుకే చాలు.

‘ప్రతిఘటన’ అనే శీర్షిక ఏ ఫైలుకీ ఉండదు. పరారీ, అర్జీ, అల్లరి అన్న మాటల కింద వెతకండి. 1920 ఏప్రిల్ 3న మదురై జిల్లా పెరుంగామనల్లూరులో కళ్లర్ కులస్తులు రిజిస్ట్రేషన్‌కు ఎదురు తిరిగారు, పోలీసు కాల్పుల్లో పదిమందికి పైగా చనిపోయారు. ఇలాంటి ఫైలును కాల్పుల దగ్గర మొదలుపెట్టకండి. పోలీసులు ఆ ఊరికి ఏ ఉత్తర్వుతో వచ్చారో అక్కణ్ణుంచి చదవండి. అర్జీల్లో ఏం అడిగారన్నది ఎంత ముఖ్యమో, అంచున అధికారి గీకిన నాలుగు ముక్కలూ అంతే ముఖ్యం.

స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లకు, అంటే ఈ కులాలవాళ్లను తెచ్చి ఉంచిన కాలనీలకు, వాటిని నడిపిన క్రైస్తవ సంస్థ సాల్వేషన్ ఆర్మీ రాతలూ దొరుకుతాయి. అవి చందాదారుల కోసం రాసినవి, ‘మారిన మనుషుల’ కథలు వాటిలో కాస్త ఎక్కువే ఉంటాయి.

మద్రాసు రాష్ట్రం ఈ చట్టాన్ని 1947లో ఎత్తేసింది, దేశమంతటా 1952లో పోయింది. నిఘా మాత్రం 1948 నాటి అలవాటు నేరస్తుల చట్టంలోకి మారింది, తర్వాతి కాగితాలకు ఆ పేరుతో వెతకాలి. రిజిస్టర్లలోని పేర్లు, వేలిముద్రలు ఆన్‌లైన్‌లో పెట్టకండి. వాళ్ల మనవలు ఇంకా ఆ ఊళ్లలోనే ఉండొచ్చు.