విశాఖ తీరంలో రాళ్ళ మీద నుంచి క్షేమంగా గాలం వేయడం ఎలా?

విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్ నుంచి ఉత్తరంగా భీమిలి దాకా సాగే తీరంలో కొంత మేర ఇసుక, కొంత మేర రాయి కనిపిస్తాయి. కైలాసగిరి కింద తెన్నేటి పార్కు దగ్గర, ఆ పైన జోడుగుళ్ళపాలెం, మంగమారిపేట వైపు తూర్పు కనుమల రాయి నేరుగా నీళ్ళలోకి దిగుతుంది. ఆ రాళ్ళ సందుల్లో పీతలు, చిన్న రొయ్యలు, నాచు ఉంటాయి కాబట్టి వాటిని వెతుక్కుంటూ చేపలు దరికి వస్తాయి, చేపల కోసం మనమూ వెళ్తాం. ఇసుక ఒడ్డున నిలబడిన మనిషిని కెరటం తడిపి వదిలేస్తుంది కానీ, రాయి మీద నిలబడిన మనిషిని అదే కెరటం లాగి తిరిగి రాతికేసి కొడుతుంది. ఈత వచ్చినవారికి కూడా అక్కడ ఈత అంతగా అక్కరకు రాదు. అందుకే ఈ వ్యాసంలో చేప పట్టడం గురించి కొద్దిగా, వెళ్ళి తిరిగి రావడం గురించి ఎక్కువగా చెబుతున్నాను.

1. వెళ్ళదగిన చోటును ఎంచుకోవాలి

పోర్టు లోపలి బెర్తులు, డాల్ఫిన్స్ నోస్ కొండ వైపున్న నౌకాదళ ప్రాంతాలు కాపలా ఉన్న చోట్లు. అనుమతి లేనిదే అటు వెళ్ళకూడదు. ఫిషింగ్ హార్బర్ జెట్టీల మీద తెల్లవారుజాము నుంచి బోట్లు సరుకు దించుతుంటాయి. పని చేసుకునేవారి మధ్య గాలం విసరడం వారికీ మనకూ ప్రమాదమే. అలల తాకిడిని ఆపడానికి పేర్చిన రాళ్ళ గోడలు, నాలుగు కాళ్ళ కాంక్రీటు దిమ్మెలు చూడటానికి అనువుగా ఉంటాయి కానీ, వాటి మధ్య మనిషి జారిపోయేంత ఖాళీలు ఉంటాయి. అందులో పడినవారు పైనున్నవారికి కనిపించరు, వారి కేక కెరటాల హోరులో వినిపించదు. వాటి జోలికి పోకుండా, భూమితో కలిసి ఉన్న సహజమైన, వెడల్పైన రాతి చప్టాను ఎంచుకోవడం మేలు.

చోటు నచ్చిన తరువాత అక్కడి జాలరులను ఒక మాట అడగాలి. "అన్నా, ఈ రాయి మీదకు కెరటం ఎక్కుతుందా?" అని అడిగితే, ఆ రాయి మీద ఏ నెలలో నిలబడవచ్చో, ఏ వైపు నుంచి నీరు చుట్టుకుని వస్తుందో వాళ్ళు చెబుతారు.

2. తిథిని, పోటుపాటులను లెక్క చూసుకోవాలి

విశాఖ దగ్గర రోజుకు రెండుసార్లు పోటు (నీరు ఎక్కడం), రెండుసార్లు పాటు (నీరు దిగడం) వస్తాయి. ఏ రోజుకారోజు ఈ వేళ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి, నిన్నటి వేళను నమ్ముకుని ఈ రోజు వెళ్ళకూడదు. అమావాస్య, పౌర్ణములకూ వాటి తరువాతి ఒకటి రెండు రోజులకూ పోటు బాగా ఎక్కువ, పాటు బాగా తక్కువ. అష్టమి ప్రాంతంలో ఆ తేడా తగ్గుతుంది. ఇక్కడ పెద్ద పోటుకూ పాటుకూ మధ్య నీటి మట్టంలో తేడా ఒకటిన్నర మీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. అది తక్కువే అనిపించవచ్చు. కానీ పాటు నుంచి పోటుకు పట్టే ఆరు గంటలలో నీరు ఒకే వేగంతో పెరగదు. మొత్తం పెరుగుదలలో దాదాపు సగం మూడో, నాలుగో గంటలలోనే వచ్చేస్తుంది. అంటే వచ్చేటప్పుడు చీలమండ తడవకుండా దాటిన పల్లంలో, రెండు గంటల తరువాత మోకాలి పైదాకా నీరు, ఆ పైన కెరటం కూడా ఉండవచ్చు.

కాబట్టి పాటు ఇంకా దిగుతుండగానే వెళ్ళి, నీరు తిరిగి ఎక్కడం మొదలైన గంటలోపు లేచి రావాలి. చేపలు పోటు ఎక్కేటప్పుడే బాగా తింటాయన్నది నిజమే. ఆ వేళ గాలం వేయాలనుకుంటే వెనుక దారి ఎప్పుడూ మునగని చోట మాత్రమే వేయాలి.

3. వాతావరణాన్ని చూడాలి

బంగాళాఖాతంలో అల్పపీడనం బలపడితే పోర్టులో నంబర్లతో ప్రమాద హెచ్చరికలు ఎగురవేస్తారు. ఒకటో నంబరు అంటే వాయుగుండం దూరంగా ఉందని, మూడో నంబరు అంటే ఈదురుగాలులు పోర్టును తాకవచ్చని అర్థం. ఒకటో నంబరు ఉన్నా రాళ్ళ మీదకు వెళ్ళవద్దని నా మాట. 2020 అక్టోబరులో వాయుగుండం వేళ బంగ్లాదేశ్‌కు చెందిన ఎం.వి. మా అనే సరుకు నౌక కొట్టుకొచ్చి ఈ తెన్నేటి పార్కు రాళ్ళ దగ్గరే ఒడ్డుకు ఎక్కింది. అంత ఓడను తెచ్చి పడేసిన నీటికి మనిషి ఒక లెక్క కాదు.

గాలి లేని రోజు కూడా మోసం చేస్తుంది. దక్షిణ హిందూ మహాసముద్రంలో ఎక్కడో లేచిన తుపానుల అలలు రోజుల తరబడి ప్రయాణించి మన తీరానికి చేరుతాయి. అవి ఎడం ఎడంగా, లోతులో ఉన్నంతసేపూ పొట్టిగా కనిపించి, రాయిని తాకగానే ఎత్తుగా లేస్తాయి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ ఎత్తైన అలల గురించి హెచ్చరికలు ఇస్తుంది. బయలుదేరే ముందు వాటిని చూసుకోవాలి. మొత్తం మీద డిసెంబరు చివరి నుంచి మార్చి దాకా ఈ పనికి అనువైన కాలం.

4. సరంజామా

హవాయి చెప్పులతోనూ, వట్టి కాళ్ళతోనూ వెళ్ళకూడదు. అడుగున గరుకుగా ఉండి, కాలికి బిగుతుగా కట్టుకునే బూట్లు కావాలి. లైఫ్ జాకెట్ సంచిలో కాదు, ఒంటి మీద ఉండాలి. పదిహేను మీటర్ల తాడు, దాని చివర మూత బిగించిన ఖాళీ ఐదు లీటర్ల డబ్బా, ఈల, తలకు కట్టుకునే లైటు ఉంటే చాలు. ఒంటరిగా మాత్రం వెళ్ళవద్దు.

5. అరగంట ఊరికే చూడాలి

నా దృష్టిలో ఈ పని మొత్తంలో ముఖ్యమైనది ఇదే. గాలం విప్పకుండా, ఎత్తైన చోట కూర్చుని అరగంట పాటు కెరటాలను చూడాలి. తెల్లగా పొడిగా ఉన్న రాయి ఎక్కడ ఆగుతుందో, నల్లగా తడిగా ఉన్నది ఎక్కడ మొదలవుతుందో గమనించాలి. నల్లటి రాయి మీద పాచి ఉంటుంది. వేలితో రాస్తే జిగురుగా తగులుతుంది. ఒకసారి నేను ఇరవై నిమిషాలు చూసి, ఒక చప్టా మీద చుక్క నీరు పడలేదని సంచి అక్కడ పెట్టాను. మరో పది నిమిషాలలో వరుసగా మూడు పెద్ద కెరటాలు వచ్చాయి. మూడోది సంచిని తీసుకుపోయింది. పెద్ద కెరటాలు గుంపుగా, చాలా ఎడంగా వస్తాయని అప్పుడు కళ్ళారా చూశాను.

చూసిన వాటిలో అన్నిటికంటే పెద్ద కెరటం చేరిన గీత కంటే కనీసం రెండు మీటర్ల ఎత్తున నిలబడే చోటు ఉండాలి. అంత ఎత్తు దొరకకపోతే ఆ రోజు అక్కడ గాలం వేయకూడదు.

6. గాలం వేయడం, చేపను పైకి తేవడం

రాళ్ళలో సీసం గుండు చిక్కుకోవడం మామూలే. దాన్ని విడిపించడానికి కిందికి దిగి జారిపడేవారే ఎక్కువ. అందుకని గుండును అసలు తంగూసుతో (గాలానికి కట్టే నైలాన్ దారంతో) కాక, దానికంటే పలుచని తంగూసు ముక్కతో కట్టాలి. చిక్కుకున్నప్పుడు గట్టిగా లాగితే పలుచనిదే తెగి గుండు మాత్రం పోతుంది, గాలం తిరిగి వస్తుంది. ఎరగా పచ్చి రొయ్య చాలు.

చేప పడినప్పుడు నీటి అంచుకు దిగకూడదు. తంగూసును బిగువుగా ఉంచి, వచ్చే కెరటం చేపను రాయి మీదకు ఎత్తేదాకా ఆగాలి, లేదా పొడవాటి పిడి ఉన్న చేతి వలను వాడాలి. జెల్ల చేప పడితే వీపు ముల్లుకూ, రెండు పక్కల ముళ్ళకూ విషం ఉంటుంది కాబట్టి చేత్తో పట్టకూడదు. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో గాయాన్ని ముంచి ఉంచి, ఆ తరువాత ఆసుపత్రికి వెళ్ళాలి. ఏ పని చేస్తున్నా సముద్రానికి వీపు పెట్టకూడదు.

7. ఎవరైనా పడిపోతే

వెంట దూకకూడదు. తాడు కట్టిన డబ్బాను విసిరి, దాన్ని పట్టుకోమని కేక వేయాలి. పడినవారు రాళ్ళ వైపు కాక, రాళ్ళకు దూరంగా నీళ్ళలోకి ఈది, వెల్లకిలా తేలుతూ దగ్గరి ఇసుక ఒడ్డు వైపు మళ్ళాలి. కోస్ట్ గార్డుకు 1554, మెరైన్ పోలీసులకు 1093, అంబులెన్సుకు 108 నంబర్లకు వెంటనే ఫోన్ చేయాలి.

లేచి వచ్చే ముందు తెగిన తంగూసు ముక్కలను ఏరి సంచిలో వేసుకోవాలి. గాలానికి అనువైన ఆ చలికాలపు నెలల్లోనే ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఈ తీరపు ఇసుక మీద గుడ్లు పెట్టడానికి వస్తాయి, రాళ్ళ మధ్య వదిలేసిన తంగూసు వాటి కాళ్ళకు చుట్టుకుంటే విప్పేవారు ఉండరు.