ప్లాస్టిక్ షీటు ఎక్కడ సాగుతుంది, ఎక్కడ చిట్లుతుంది: ఇంక్రిమెంటల్ ఫార్మింగ్‌కు మోడల్ కట్టడం

పెంబర్తిలో ఇత్తడి రేకును సుత్తితో కొద్దికొద్దిగా కొట్టి రూపం తెస్తారు. ఇంక్రిమెంటల్ ఫార్మింగ్‌దీ అదే దారి. అంచులు బిగించిన షీటు మీద గుండ్రటి మొన ఉన్న టూలు చుట్లు తిరుగుతూ, చుట్టుకు అర మిల్లీమీటరు చొప్పున కిందికి దిగుతుంది. డై (అచ్చు) అక్కర్లేదు. కానీ ఇత్తడి జాగాలో పాలికార్బనేటో పీవీసీయో పెట్టాక, రేకుకు కట్టిన కంప్యూటర్ మోడల్‌నే వాడి అంకెలు మాత్రం మార్చితే జవాబు తప్పుతుంది. ప్లాస్టిక్ మెత్తటి రేకు కాదు.

ముందు చేతిలెక్క చూసుకోండి. షీటు మందాన్ని గోడ కోణపు (అడ్డంగా ఉన్న షీటు నుంచి కొలిచినది) కొసైన్‌తో గుణిస్తే గోడ మందం వస్తుంది. 2 మి.మీ. షీటుకు 60 డిగ్రీల గోడైతే 1 మి.మీ., 70 డిగ్రీలైతే 0.68 మి.మీ. గోడ మధ్యలో మోడల్ చూపే మందం దీని దరిదాపుల్లో లేకుంటే ముందుకు పోవద్దు. అంచు వంపు దాటాక కొంచెం కింద ఒక పట్టీ ఇంకా పలచబడుతుంది. అది ఈ లెక్కకు అందదు. మోడల్ కావాల్సింది దానికోసమే.

అసలు కష్టమంతా మెటీరియల్ డేటాలో ఉంది. అదే షీటులోంచి, అది మిషన్‌లోంచి వచ్చిన దిశకు 0, 45, 90 డిగ్రీల్లో పట్టీలు కోసి, నిమిషానికి 5, 50, 500 మి.మీ. వేగాలతో లాగండి. నెమ్మదిగా లాగితే ఒక బలం, గబుక్కున లాగితే ఇంకో బలం వస్తుంది. ఒక్క వేగం గ్రాఫుతో సరిపెట్టుకోవద్దు. పట్టీ ఒకచోట సన్నబడి మెడ పడ్డాక, ఎక్స్‌టెన్సోమీటర్ (సాగుడు కొలిచే పరికరం) చెప్పేది సగటు మాత్రమే. పట్టీ మీద చుక్కలు పెట్టి, కెమెరాతో మెడ దగ్గరి సాగుడు కొలవండి. చుక్కలకు ముందు పాలికార్బనేట్‌ను అసిటోన్‌తో తుడవొద్దు, అది దాన్ని తినేసి పగుళ్లు తెస్తుంది. మే నెలలో హన్మకొండలో ఏసీ లేని షెడ్డులో వేడి 40 డిగ్రీలు దాటుతుంది. పీవీసీ మెత్తబడేది 80 దగ్గరే కాబట్టి, చల్లటి ల్యాబ్‌లో తీసిన గ్రాఫు ఆ షెడ్డుకు చెల్లదు. టెస్టూ ఫార్మింగూ ఒకే వేడిలో చేయండి.

ఇంకో రెండు తేడాలున్నాయి. ప్లాస్టిక్ లాగుడు కంటే నొక్కుడును ఎక్కువ తట్టుకుంటుంది. టూలు కింద షీటు నలుగుతుంది కాబట్టి మెటీరియల్ ఎప్పుడు లొంగుతుందో చెప్పే సూత్రంగా, లాగుడునూ నొక్కుడునూ ఒకటిగా చూసే వాన్ మిజెస్ కాకుండా, ఆ తేడా పట్టించుకునే డ్రకర్-ప్రాగర్ పెట్టండి. ఇక పీవీసీ ముక్కను వంచితే మడత తెల్లబడుతుంది కదా, ఆ తెలుపు లోపల పుట్టిన సన్నటి ఖాళీలది. ఘనపరిమాణం మారదన్న రేకు సూత్రం అక్కడ తప్పుతుంది. అందుకే మందాన్ని సాగుడు నుంచి లెక్కగట్టకుండా, కోసి కొలవండి.

మోడల్‌లో టూలు గట్టి గోళం, 10 మి.మీ. వ్యాసం. షీటుకు 1 మి.మీ. షెల్ ఎలిమెంట్లు (షీటును పలచటి పొరగా చూసే లెక్క ముక్కలు), మందంలో కనీసం 5 లెక్క బిందువులు. చిట్లుడు చూడాలంటే మందంలో 3, 4 వరుసల సాలిడ్ ఎలిమెంట్లు (మందమున్న దిమ్మల్లాంటి ముక్కలు) వేయాలి. షెల్‌కు మందంలోని కోత (షియర్) కనిపించదు. రాపిడి గుణకం 0.1 దగ్గర మొదలుపెట్టండి. టూలు దారిని క్యామ్ ఫైలు (మిషన్‌ను నడిపే ఫైలు) నుంచే తీసుకోండి. పావు ముక్క మోడల్ కట్టొద్దు: షీటు మెలితిరగడం అందులో కనిపించనే కనిపించదు.

టైం సంగతి చూడండి. పైన 100 మి.మీ. వ్యాసం, 40 మి.మీ. లోతు, 60 డిగ్రీల గోడ ఉన్న కప్పుకు 80 చుట్లు, సుమారు 19 మీటర్ల దారి. నిమిషానికి మీటరు చొప్పున 19 నిమిషాల పని. పాలికార్బనేట్‌లో 1 మి.మీ. ఎలిమెంటుకు లెక్కలో ఒక్కో అడుగు (టైం స్టెప్) సెకనులో పది లక్షలో వంతు కంటే తక్కువ. మొత్తం 160 కోట్ల పైచిలుకు అడుగులు. విసుగుపుట్టి టూలు వేగం పెంచేస్తారు. రేకుకు అది చెల్లొచ్చు గానీ, ఇక్కడ వేగం మారితే మెటీరియలే మారుతుంది. వేగం ముట్టకుండా మాస్ స్కేలింగ్ చేయండి, అంటే లెక్కలో మాత్రం షీటు బరువు పెంచండి. బరువు పదివేల రెట్లైతే అడుగులు వందో వంతుకు దిగుతాయి. కైనెటిక్ ఎనర్జీ (కదలిక శక్తి) ఇంటర్నల్ ఎనర్జీలో (షీటు రూపం మారడానికి పట్టే శక్తి) 5 శాతం దాటకుండా చూసుకోండి.

చిట్లుడుకు హద్దు గీయడానికి, లోతుతో పాటు గోడ నిటారయ్యే కోను ఒకటి, పిరమిడ్ ఒకటి చేసి చూడండి. కోను గోడ ఒక దిక్కు సాగుతుంది, పిరమిడ్ మూల రెండు దిక్కులా సాగుతుంది. టూలు తగలని కింది వైపు 2 మి.మీ. వలయాలు ముద్రించి, పగులు పక్కనున్న వలయాలు కొలవండి. ఆ సాగుళ్లను గ్రాఫులో పెడితే కోనుకు ఒకటి, పిరమిడ్‌కు ఒకటి బిందువు వస్తుంది. ఆ రెండు బిందువులను కలిపే గీతే మీ హద్దు. షీటు పాడవడం మూడు రకాలు: గోడ కింది వంపు దగ్గర చుట్టూ వచ్చే పగులు సాగుడు వల్ల. గోడ మీద ఏటవాలుగా రెండు దిక్కులా వచ్చే పగుళ్లు రాపిడి పుట్టించే మెలి వల్ల. ముడతలు పడితే గోడ నిలవలేదని అర్థం. మెలి ఎక్కువైతే చుట్టుకొక దిక్కు మార్చి టూలు తిప్పండి, లూబ్రికెంట్ చూడండి.

చివరగా క్లాంపు విప్పే దశను విడిగా లెక్కించండి. కప్పును విప్పగానే ఒకసారి, 24 గంటల తర్వాత మరోసారి స్కాన్ చేయండి. మొదటి కొలత కలిసి రెండోది తప్పితే, మోడల్‌లో విస్కోఎలాస్టిక్ భాగం (కాలంతో పాటు మెల్లగా వెనక్కి వచ్చే గుణం) లేదన్నమాట. రెండూ తప్పితే ముందు యంగ్స్ మాడ్యులస్ (మెటీరియల్ బిగువు అంకె), ఆ తర్వాత క్లాంపు పట్టు చూడండి.