రాలిన ఆకు ఎటు పోతది? ఆకు సంచులు పెట్టి చూసే పద్ధతి

నల్లమలల మన్ననూరు దాటి ఫర్హాబాద్ దిక్కు పోతుంటే రెండు పక్కల అడవి చూస్తరు గదా, ఆ చెట్లకు ఎవ్వరూ యూరియా బస్తా మోసుకపోలే, డీఏపీ చల్లలే, అయినా వానలు పడంగనే నల్లమద్ది, టేకు, ఏగిస అన్నీ పచ్చగ లేస్తయి. మా నల్లగొండ దిక్కు బత్తాయి తోటలకేమో ఏటేటా బస్తాలు పోస్తనే ఉంటం, రాలిన ఆకును మాత్రం ఊడ్చి గట్టు మీద కుప్పేసి అగ్గిపెడతం. ఆకును సంచిల పెట్టి ఏడాది పాటు తూకమేసినంకనే ఈ తేడా నా తలకెక్కింది. అడవి మీద పని చేసే సైంటిస్టులు గూడ ఇదే చేస్తరు, మనం ఇంట్ల దొరికే సామాన్లతోని చేసుకోవచ్చు, ఖర్చు తక్కువ, ఓపిక మాత్రం కావాలె.

ముందు ఆకు సంగతి జర తెలుసుకోవాలె. ఆకు పచ్చదనం పోయి పసుపుకు తిరుగుతుందంటే చెట్టు అందులకెళ్ళి సరుకు వెనక్కి గుంజుకుంటుందని అర్థం, నత్రజని, భాస్వరం దాదాపు సగం దాకా కొమ్మలల్లకు తీసుకొని అప్పుడు ఆకును వదుల్తది. కాల్షియం మాత్రం వెనక్కి రాదు, అది ఆకుతోనే కింద పడ్తది. కింద పడ్డంక మొదటి వానలకే పొటాష్ కడుక్కపోయి మట్టిల దిగుతది, ఎందుకంటే అది ఆకుల దేనికీ గట్టిగ అతుక్కొని ఉండదు. నత్రజని, భాస్వరం మాత్రం బూజు, బాక్టీరియా, చెదలు, ఎర్రలు తిని అరిగించుకుంటేనే బయటికొస్తయి, దానికి నెలలు పడ్తది. ఆకు సంచిల మనం చూసేది ఈ పనినే.

ఆకు ఏరుడు శివరాత్రి నుంచి ఉగాది మధ్యల పెట్టుకోండి, అప్పుడే మన దిక్కు చెట్లు బోడిగ అయితయి. కొత్తగ రాలిన ఆకే ఏరాలె, కిందటేడు పుచ్చిపోయింది కలిస్తే లెక్క తప్పుతది. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ లోపలికి పోయి ఏరకండి, అది రక్షిత అడవి, అండ్ల ఆకు అండ్లనే ఉండాలె, మీ ఊరి గుట్ట మీద, రోడ్డు పొంటి చెట్ల కింద కావాల్సినంత దొరుకుతది. రెండు రకాలు తీసుకుంటే పని బాగ తెలుస్తది. ఒకటి కానుగ, అది చిక్కుడు జాతిది, ఆకుల నత్రజని ఎక్కువ. ఇంకోటి టేకు, అది మందంగ, గరుకుగ ఉంటది, ఆకు పెద్దది కాబట్టి రెండు మూడు ముక్కలు చెయ్యండి. తోట ఉన్నోళ్ళు బత్తాయి ఆకు గూడ పెట్టుకుంటే ఇంకా మంచిది.

ఏరిన ఆకును నీడల ఒక వారం ఆరబెట్టి, పిడికిట్ల పడితే కర్రుమనేదాకా ఆరినంక 10 గ్రాముల లెక్కన తూకమెయ్యాలె. పప్పులు తూచే కాంటా పనికిరాదు, గ్రాముల పదో వంతు చూపించే చిన్న డిజిటల్ కాంటా కావాలె.

సంచికి కిటికీలకు కొట్టే నైలాన్ దోమల జాలి తెచ్చి జానెడు పొడుగు, జానెడు వెడల్పు కుట్టండి, కుట్టే దారం గూడ నైలాన్‌దే ఉండాలె. నేను మొదటిసారి ఇంట్ల ఉన్న నూలు దారంతోని కుట్టిన, దసరా వరకు బూజు ఆ దారాన్ని గూడ తిని సగం సంచులు నోరు తెరిచినయి, ఏడాది కష్టం పోయింది. ఇంకొన్ని సంచులు ఉల్లిగడ్డ బస్తా జాలితోని చెయ్యండి. దోమల జాలిలకు బూజు, బాక్టీరియా, కంటికి ఆననంత చిన్న పురుగులు పోతయి గని పెద్ద ఎర్రలు, పేడపురుగులు పోవు, ఉల్లిగడ్డ జాలిలకు అన్నీ పోతయి. రెండిటి తూకంల తేడా వచ్చిందంటే అది ఎక్కువ భాగం పెద్ద పురుగులు చేసిన పని. పెద్ద కండ్ల జాలిలకెళ్ళి ఆకు పొడి రాలిపోతది గనుక ఆ సంచిని పొలం దాకా పళ్ళెంల పెట్టుకొని పోవాలె, అక్కడ పెట్టంగ కింద రాలిన పొడిని తూచి 10ల కెళ్ళి తీసెయ్యాలె.

ఒక్కో ఆకుకు దోమల జాలి సంచులు చెట్ల కింద పెట్టేటందుకు 12, తోటల పెట్టేటందుకు 12 చెయ్యండి, ఎందుకంటే నాలుగు సార్లు తీస్తం, తీసినప్పుడల్ల ఒక్కో జాగల మూడు. ఉల్లిగడ్డ జాలివి గూడ అన్నే చేస్తే మంచిది, చాతగాకుంటే తీసినప్పుడల్ల ఒక్కటి వచ్చేటట్టు జాగకు నాలుగన్న చెయ్యండి. ఒక్కటే తీసి చూసి నిర్ణయానికి రావద్దు, ఒక సంచి పక్కనే చెదపుట్ట ఉండొచ్చు, ఇంకోటి రాయి మీద పడొచ్చు. గుర్తుకు కూల్‌డ్రింక్ డబ్బా రేకు ముక్క మీద మొలతోని నంబర్ గీకి లోపల వెయ్యండి, పెన్ను రాత వానకు నిలవదు.

మృగశిర కార్తెకు వారం ముందు పెట్టాలె. సగం సంచులు ఎవ్వరూ దున్నని, కాల్చని చెట్ల కింద, సగం తోటల. గుంత తవ్వి పూడ్చద్దు, అడవిల ఆకు నేల మీదనే పడ్తది గదా, పాత ఆకును జర పక్కకు జరిపి సంచిని మట్టికి ఆనేటట్టు పరిచి, వంచిన తీగతోని నాలుగు మూలలు గుచ్చాలె. పైన ముండ్ల కంప కప్పుండ్రి, లేకుంటే మేకలు, కోతులు ఉండనియ్యవు.

బోనాలప్పుడు ఒకసారి, బతుకమ్మ పండుగకు ఒకసారి, సంక్రాంతికి, మళ్ళ వచ్చే మృగశిరకు తియ్యాలె. సంచి విప్పేటప్పుడు తొందరపడకండి, నాకైతే అసలు విషయమంతా అక్కడనే కనపడ్డది. బోనాలకు తీసిన కానుగ సంచిల ఆకులు ఒకదానికొకటి అతుక్కొని ఉండె, మెల్లగ విడదీస్తే మధ్యల తెల్లటి సన్న దారాలు సాలెగూడు లెక్క పరుచుకున్నయి, అది బూజు, ఆకు మీది గోధుమ మచ్చ ఎక్కడుందో దారం అక్కడనే ఒత్తుగ ఉన్నది. బతుకమ్మకు తీసినప్పుడు అదే కానుగ ఆకుకు ఈనెలు తప్ప ఏం మిగలలే, వెలుగుకు పెడితే చీర అంచు మీది లేసు లెక్క కనపడ్డది. ఉల్లిగడ్డ జాలిల టేకు ఆకు మీద చెదలు ఎర్రమట్టితోని వేలంత సొరంగం కట్టినయి, లోపల ఆకు పోయి మట్టి ఉన్నది.

ఆ మట్టితోనే తూకం మోసం చేస్తది. మిగిలిన ఆకును మెత్తటి పెయింట్ బ్రష్‌తోని దులిపి, ఇంకా మట్టి అంటుకొని ఉంటే నీళ్ళల ఒక్కసారి ముంచి తీసి, మొదట ఎట్ల ఆరబెట్టినమో అట్లనే ఆరబెట్టి తూచాలె. 10 గ్రాములు పెట్టినకాడ 6.4 ఉంటే 36 శాతం పోయినట్టు లెక్క. నోట్‌బుక్‌ల తేదీ, సంచి నంబర్, జాగా, తూకం, ఆ నెల వానలు ఎట్ల పడ్డయో రాసి పెట్టుకోండి. ఆ తూకాలను కాగితం మీద గీత గీసి చూస్తే, వానకాలం ఆ గీత నిట్టనిలువుగ దిగి, చలికాలం, ఎండకాలం దాదాపు ఆగిపోయినట్టు కనపడ్తది, తడి లేకుంటే బూజుకు పనిలేదు.

ఇగ తోట ముచ్చట. ఆకును కాల్చద్దు, కాల్చినప్పుడు నత్రజని పొగల కలిసి పోతది, బూడిదల పొటాష్, కాల్షియం, భాస్వరం మిగిల్తయి గని చెల్క వాలుగ ఉంటే మొదటి గాలివానకు అవి గూడ వాగుల కలుస్తయి. ఎండాకును మట్టిల కలిపి దున్నడం గూడ తప్పే. ఒక ఏడు నేను అట్లనే చేసిన, నెల తిరగకుండనే మొక్కలు పసుపెక్కినయి, ఎండాకుల నత్రజని తక్కువ కాబట్టి దాన్ని తినే బాక్టీరియా మట్టిల ఉన్న నత్రజనిని గూడ పట్టుకొని మొక్కకు దొరకనియ్యదు. ఆకును చెట్టు కింద పైననే పరిచి, మీద పలుచగ పేడ నీళ్ళు చల్లండి. మొదలుకు మాత్రం మూరెడు దూరం ఉంచాలె, ఆకు మొదలుకు ఆనితే తడి నిలిచి బంక తెగులు పట్టుకుంటది, లేత మొక్కల బెరడు చెదలు కొరుకుతయి.

ఆకు ఒక్కటే సరిపోదని అమెరికాల న్యూ హ్యాంప్‌షైర్ రాష్ట్రం హబ్బర్డ్ బ్రూక్ అడవిల తేలింది. అక్కడ 1965 చలికాలంల ఒక వాగు చుట్టున్న చెట్లన్నీ కొట్టి, కట్టెను తియ్యకుండ నేల మీదనే వదిలి, మళ్ళ ఏదీ మొలవకుండ మూడు ఎండకాలాలు గడ్డిమందు కొట్టిర్రు. ఆకు, కట్టె అంతా అక్కడనే ఉన్నా వాగు నీళ్ళల నైట్రేట్, అంటే నీళ్ళల కరిగే నత్రజని, మస్తు పెరిగింది, బయటికొచ్చిన సరుకును పట్టుకునే బతికిన వేరు లేదు గదా. అందుకే వానకాలం బత్తాయి సాళ్ళ మధ్య నేలను బోడిగ ఉంచద్దు, తొలకరికి జనుమో పిల్లిపెసరో చల్లి, పూతకొచ్చినప్పుడు కోసి ఆ ఆకు మీదనే పరిస్తే రెండూ కలిసి కుళ్ళుతయి. తోటల ఉన్న సంచుల మీద మాత్రం ఈ పచ్చిరొట్ట పడకుండ చూసుకోండి, లేకుంటే వచ్చే మృగశిరకు తీసే తూకం కలగలుపు అయితది.